మరబోటు ఇంజనులో మంచినీళ్ళు

బి.కాం. చదివి బ్యాంకులో చేరిన మనిషికి ఓడ ఇంజనుతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా ఈ మాట అంటే నేనూ నవ్వేవాణ్ణే. కానీ అప్పు ఇచ్చేవాడికి తాను దేనిమీద ఇస్తున్నాడో తెలియాలి. గేదె మీద ఇస్తే పళ్ళు చూసి దాని వయసు చెప్పగలగాలి. కొబ్బరితోట మీద ఇస్తే చెట్టు ఇంకా ఎన్నేళ్ళు కాస్తుందో అంచనా వేయగలగాలి. మరబోటు మీద ఇస్తే, దాని పొట్టలో ఉన్న డీజిల్ ఇంజను ఏం తిని, ఏం తాగి బతుకుతుందో కాస్తయినా తెలుసుకోవాలి. తినేది డీజిల్, ఆ సంగతి అందరికీ తెలుసు. తాగే నీళ్ళ గురించే నాలుగు మాటలు చెప్పాలని ఈ ప్రయత్నం.

మాది బరంపురం. గంజాం జిల్లా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మా తాతగారు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు – ఈ మూడింటి మధ్య పెరిగినవాళ్ళకి మన సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2014లో నన్ను పారాదీప్ శాఖకు బదిలీ చేశారు. పారాదీప్ అంటే పెద్ద ఓడలు, ఇనుప ఖనిజం, ఎరువుల ఫ్యాక్టరీలు అనుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే నా బల్ల ముందు కూర్చున్నవాళ్ళలో సగంమంది చేపలరేవు మనుషులు. వాళ్ళలోనూ చాలామంది మనవాళ్ళు. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి తరతరాలుగా గట్టు వెంబడి పైకి వచ్చి గోపాలపూర్, పూరీ, పారాదీప్‌లలో గుడిసెలు వేసుకుని, క్రమంగా ఇళ్ళు కట్టుకున్న జాలరి కుటుంబాలవి. ఒడియావాళ్ళు వీళ్ళని నోలియాలు అంటారు. నేను నోరు విప్పి తెలుగులో పలకరించేసరికి, "మన బాబే!" అని కుర్చీ ముందుకు జరుపుకునేవారు. ఆ జరుపుకోవడంతోనే నా ఇంజను చదువు మొదలైంది.

అక్కడ ఏ బోటు యజమానిని కదిపినా కూలెంటు విషయంలో ఒకటే మాట. "అది చలిదేశాల సరుకు బాబూ. మన సముద్రంలో మంచు ఎక్కడ గడ్డకడతాది? ఇంజనుకి నీలు పోస్తే చాలదా?" వినడానికి న్యాయంగానే ఉంది. డబ్బా మీద కూడా పెద్ద అక్షరాలతో యాంటీఫ్రీజ్ అనే రాసి ఉంటుంది. గడ్డకట్టకుండా కాపాడేది అని అర్థం. దాని పుట్టుక కూడా చలిదేశాల అవసరానికే. 1927లో అమెరికాలో ప్రెస్టోన్ అనే పేరుతో ఇథిలీన్ గ్లైకాల్‌ని మోటారుకార్ల కోసం అమ్మకానికి పెట్టారు. సగం గ్లైకాల్, సగం నీళ్ళు కలిపితే సున్నాకి కింద 37 డిగ్రీలదాకా గడ్డకట్టదు. పారాదీప్‌లో జనవరి తెల్లవారుజామున కూడా దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. మరి ఈ 37 డిగ్రీలు మనకెందుకు?

మనకెందుకో నాకు 2016 డిసెంబరులో తెలిసింది.

మా శాఖనుంచి ఇంజను కోసం నాలుగున్నర లక్షలు అప్పు తీసుకున్న ఒక పెద్దమనిషి ఉండేవారు. పేరు అక్కర్లేదు, కాలనీ అంతా ఆయన్ని పెద్దయ్య అంటారు, నేనూ అలాగే అనేవాణ్ణి. వాయిదా ఏనాడూ తప్పినవాడు కాదు. వేటనుంచి వచ్చిన రోజునే, చొక్కాకి చేపల వాసన పోకముందే, పాస్‌బుక్కు పట్టుకుని వచ్చేవాడు. కొన్నది వాడిన ఇంజనే అయినా ఆరు సిలిండర్ల గట్టి ఇంజను. ఆ డిసెంబరులో వేటకి వెళ్ళిన నాలుగోనాడు, తీరానికి చాలా దూరాన, అది ఒక్కసారిగా వేడెక్కి ఆగిపోయింది. వైర్‌లెస్‌లో కేక వేస్తే మరో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. లాక్కొచ్చినందుకు డీజిల్ ఖర్చు ఇచ్చుకున్నారు. ఐసు కరిగి చేపలు పాడయ్యాయి. రేవులో మేస్త్రి ఇంజను ఆయిలు పుల్ల పైకి లాగి చూపించాడు. నల్లగా ఉండవలసిన ఆయిలు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. ఇంజను లోపలి నీళ్ళు ఆయిల్లోకి దిగిపోయాయన్నమాట. విప్పి చూస్తే మూడు లైనర్లకి చిల్లులు. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చిల్లులు, అన్నీ వరసగా ఒకే పక్కన.

నేను వెళ్ళి స్వయంగా చూశాను. లైనరు అంటే పిస్టను ఆడే ఇనప గొట్టం. లోపలివైపు అద్దంలా మెరుస్తోంది. వెలుపలివైపు, అంటే నీళ్ళు తగిలే వైపు, మశూచి మచ్చల్లా గుంటలు. ఇది తుప్పా అని అడిగాను. "తుప్పు ఒక్కటే అయితే ఇంత లోతుకు తినదు సార్, దీన్ని నీటి బుడగ కొట్టింది" అన్నాడు మేస్త్రి. ఆయన విశాఖలో చాలా ఏళ్ళు బోటు ఇంజన్లు చూసి వచ్చినవాడు. నీటి బుడగ ఇనుముని కొట్టడమేమిటని నాకు అనుమానం. ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

ముందు ఓడ ఇంజనుకి రెండు నీళ్ళు ఉంటాయని తెలుసుకోవాలి. ఒకటి బయటి నీళ్ళు, అంటే సముద్రపు ఉప్పునీళ్ళు. రెండోది లోపలి నీళ్ళు, అంటే ఇంజనులోనే తిరిగే మంచినీళ్ళు. కాలిన డీజిల్ వేడిలో సుమారు మూడోవంతు మాత్రమే ప్రొపెల్లరు తిప్పే పనికి వస్తుంది. ఇంకో మూడోవంతు పొగగొట్టంలోంచి పోతుంది. మిగిలినదాంట్లో పెద్దవాటా ఇంజను ఒంటికి పట్టుకుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసెయ్యకపోతే ఇనుము ఉబ్బి పిస్టన్లు పట్టేస్తాయి. చుట్టూ ఇంత సముద్రం ఉండగా ఆ నీళ్ళే ఇంజనులోకి పంపవచ్చు కదా అంటే, కొన్ని పాత చిన్న ఇంజన్లలో అలాగే పంపేవారు. కానీ ఉప్పునీరు ఇనుముని తింటుంది. పైగా 60 డిగ్రీల దరిదాపులకు వేడెక్కితే అందులోని లవణాలు పెచ్చులుగా లోపలే పేరుకుంటాయి. అందుకని ఇప్పటి ఇంజన్లలో మంచినీళ్ళు లోపలే గుండ్రంగా తిరుగుతాయి. ఆ వేడిని కూలరు అనే పెట్టెలో సన్నగొట్టాల గోడల మీదుగా సముద్రపు నీళ్ళకి అప్పజెప్పి తిరిగి వస్తాయి. రెండు నీళ్ళూ పక్కపక్కనే ప్రవహిస్తాయి కానీ కలవవు. మన కూలెంటు పోయవలసినది ఈ లోపలి నీళ్ళలో.

ఇప్పుడు బుడగ సంగతి. నిమిషానికి 1800 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 900 సార్లు డీజిల్ మండుతుంది. మండినప్పుడల్లా పిస్టను లైనరు గోడని ఒక పక్కకి కొడుతుంది. ఆ దెబ్బకి గోడ గంట మోగినట్టు కంపిస్తుంది. గోడ వెనక్కి తగ్గిన క్షణంలో దాన్ని అంటుకుని ఉన్న నీటిలో శూన్యంలాంటిది ఏర్పడి సన్నటి ఆవిరి బుడగలు పుడతాయి. గోడ తిరిగి ముందుకు రాగానే అవి పేలిపోతాయి. ఒక్కొక్క బుడగ పేలుడు లెక్కలోకి రానంత చిన్నది. కానీ రోజుకి పన్నెండు గంటలు, పది రోజుల వేట లెక్క వెయ్యండి. ఒక్క సిలిండరులోనే 64 లక్షలపైన దెబ్బలు. వట్టి నీళ్ళయితే ఈ దెబ్బలు సరాసరి ఇనుముకే తగులుతాయి. మంచి కూలెంటులో నైట్రైటులాంటి లవణాలు ఉంటాయి. అవి ఇనుము మీద కంటికి కనపడని పొర ఒకటి పరుస్తాయి. బుడగ పేలి ఆ పొర చిరిగితే వెంటనే మళ్ళీ పరుస్తాయి. దెబ్బ తినేది పొర, ఇనుము కాదు. ఇలా చిరిగినప్పుడల్లా పరుస్తూ పోతే ఆ లవణం కొంతకాలానికి అయిపోతుంది. నీళ్ళ రంగు మారదు, వాసన మారదు. చూడ్డానికి కూలెంటు నిన్నటిలాగే ఉంటుంది. కాపలావాడు మాత్రం లోపల లేడు.

పెద్దయ్య ఇంజనులో మొదట కూలెంటే ఉండేది. గొట్టం కీలు దగ్గర కొంచెం కొంచెం కారుతుంటే వేటకొకసారి నాలుగు లీటర్లు వట్టి నీళ్ళు పోసేవాళ్ళట. మేస్త్రి ఈ మాట చెప్పినప్పుడు నాకు మా కామర్సు పాఠం గుర్తొచ్చింది. తరుగుదల లెక్కలో తగ్గే నిలువ పద్ధతి అని ఒకటుంది కదా, ఏటేటా మిగిలినదాని మీదే శాతం తీసేయడం. ఇంజనులో పట్టే నీళ్ళు 36 లీటర్లు, అందులో సగం అసలు సరుకు, అంటే 50 శాతం. నాలుగు లీటర్లు కారిపోయి నాలుగు లీటర్లు నీళ్ళు పోస్తే తొమ్మిదోవంతు సరుకు పోయినట్టు. నాలుగుసార్లు అలా జరిగితే 50 శాతం కాస్తా 31 అవుతుంది. గ్లైకాల్ 30 శాతానికి దిగితే అందులో కలిసి వచ్చే రక్షణ మందు కూడా చాలనంత పల్చబడుతుంది. ఇక పదిసార్లు పోస్తే ఏముంటుంది? ఇంచుమించు బావినీళ్ళే. అది మంచి బావి అయినా బాగుండును. సముద్రం పక్క బోరునీళ్ళలో ఉప్పు సంగతి మీకు తెలుసు.

మరమ్మతుకి రెండు లక్షల పదివేలు అయింది. పోయిన వేట, పాడయిన చేపలు, కళాసీల బత్తెం అందులో లేవు. బోటుకి ఇన్సూరెన్సు ఉంది కనుక పెద్దయ్య ధైర్యంగానే ఉన్నాడు. సర్వేయరు వచ్చి లైనర్లు చూసి, ఫొటోలు తీసుకుని వెళ్ళాడు. నెల తిరగ్గానే ఉత్తరం వచ్చింది, ఇది ప్రమాదం కాదు, అరుగుదల, క్లెయిము చెల్లదని. పెద్దయ్య ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇదేటి బాబూ, ఇంజను సముద్రంలో ఆగితే ప్రమాదం కాకపోతే మరేటి?" అన్నాడు. నా దగ్గర జవాబు ఉంది కానీ చెప్పబుద్ధి కాలేదు. 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్సు చట్టం, 55వ సెక్షను. సాధారణ అరుగుదలకీ, సముద్రపు ఆపద సూటిగా కారణం కాని యంత్రాల నష్టానికీ పాలసీలో వేరే రాసి ఉంటే తప్ప కంపెనీ బాధ్యత లేదు. తుఫానులో బోటు తిరగబడితే ఆపద. నీళ్ళ బుడగలు రెండేళ్ళు కొడితే అరుగుదల.

రెండు వాయిదాలు తప్పాయి. 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీల పుస్తకంలోకి వెళ్ళిపోతుంది. ఒకసారి వెళ్ళాక పై ఆఫీసునుంచి వచ్చే ఉత్తరాల భాష వేరే. అప్పుడు పెద్దయ్య భార్య వచ్చింది. ఆవిడ బ్యాంకులో అడుగుపెట్టడం అదే మొదలు. కొంగు ముడి విప్పి రెండు పేటల గొలుసు, నాలుగు గాజులు బల్ల మీద పెట్టి, "పిల్ల నర్సింగు చదువు ఆపమంటే ఆపదు నాయనా, ఆపించడానికి నాకూ మనసొప్పదు. ఇది ఉంచి ఇంజను బాగుచేయించండి" అంది. బంగారం మీద అప్పిచ్చాం. మిగతాదానికి పాత అప్పు గడువు పొడిగించి, కొత్తగా కొంత మంజూరు చేయించాను. దానికి నేనొక షరతు పెట్టాను, ఏ సర్క్యులర్లోనూ లేనిది. కూలెంటు ఎప్పుడు పోశారు, ఏది పోశారు అని పుస్తకం రాయాలి. నేను అడిగినప్పుడు చూపించాలి. మా క్యాషియరు దీనికి నెలరోజులు నవ్వాడు.

ఇక ఏ కూలెంటు కొనాలన్నది ప్రశ్న. రేవు బజారులో దుకాణానికి వెళితే పచ్చది, ఎర్రది, నీలంది అని మూడు రంగులు చూపించి, "ఎర్రది మంచిది సార్, ఖరీదు ఎక్కువ" అన్నాడు. రంగు చూసి కూలెంటు కొనడం అట్ట చూసి నవల కొనడంలాంటిది. రంగు కేవలం అద్దకం, కారితే కనపడడానికి వేసేది. ఏ రంగులో ఏ మందు ఉండాలని నియమమేమీ లేదు. ఒక కంపెనీ పచ్చది మరో కంపెనీ పచ్చదానితో కలవకపోవచ్చు.

తేడా లోపలి మందులో ఉంది. పాత తరహాలో సిలికేటు, నైట్రైటు, బోరేటు, ఫాస్ఫేటు వంటి లవణాలు వాడతారు. త్వరగా పనిచేస్తాయి, త్వరగా ఖర్చవుతాయి. రెండేళ్ళకి మార్చాలి, మధ్యమధ్య అదనపు మందు పోస్తూ ఉండాలి. కొత్త తరహాలో సేంద్రియ ఆమ్లాల లవణాలు ఉంటాయి. ఇవి అవసరమైనచోట మాత్రమే పనిచేస్తాయి కనుక నెమ్మదిగా ఖర్చవుతాయి, అయిదేళ్ళదాకా వస్తాయంటారు. రెండూ కలిపిన మిశ్రమ తరహా మూడోది. ఇందులోనూ దేశాచారాలున్నాయి. యూరపువాళ్ళకి గట్టినీళ్ళు ఎక్కువ కనుక ఫాస్ఫేటు పెచ్చు కడుతుందని అది మానేశారు. జపానువాళ్ళు సిలికేటు పంపు సీళ్ళని అరగదీస్తుందని అది మానేశారు. మడి ఎవరిది వాళ్ళదే. అందుకే రెండు రకాలు కలపకూడదు. కలిపితే ఒకదాన్నొకటి పల్చన చేసుకుంటాయి, కొన్ని జతలు జిగురుగా గడ్డకట్టి గొట్టాలకి అడ్డం పడతాయి కూడా.

డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవాలి. మనదేశపు ప్రమాణం ఐఎస్ 5759. అమెరికా ప్రమాణాల్లో ఏఎస్‌టీఎం డి 3306 అని మాత్రమే ఉంటే అది కార్లలాంటి తేలికపాటి బళ్ళకి. డి 4985 అని ఉంటే బరువు ఇంజన్లకే కానీ, లైనర్లని కాపాడే మందు విడిగా కొని కలుపుకోవాలి. డి 6210 అంటే ఆ మందు కలిపే వచ్చినది. వీటన్నిటికన్నా ముందు ఇంజను తయారుచేసినవాడి పుస్తకంలో ఏది రాసి ఉంటే అది. పెద్దయ్య ఇంజను పుస్తకం పోయింది. ఆయన కొడుకు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్నాడు, వాడే భువనేశ్వర్ వెళ్ళినప్పుడు డీలరు దగ్గర జిరాక్సు సంపాదించాడు. అందులో డి 6210 రకం, సగానికి సగం, డిస్టిల్డ్ వాటరుతో అని స్పష్టంగా ఉంది.

సగానికి సగం ఎందుకు, పూర్తిగా సరుకే పోస్తే ఇంకా మంచిది కదా అని పెద్దయ్య అడిగాడు. బీదవాడు ఒకసారి దెబ్బతిన్నాక ఖర్చుకి వెనకాడడు. కానీ వేడిని మోయడంలో నీటిని మించినది లేదు. సగం గ్లైకాల్ కలిపితేనే బరువుకి బరువు లెక్కన ఆరోవంతు మోత తగ్గుతుంది. 60 శాతం దాటితే ఇంజను చల్లబడడం కష్టం, కొన్ని మందులు విడిపోయి బంకలా దిగుతాయి. విచిత్రమేమిటంటే, వట్టి గ్లైకాల్ సున్నాకి కింద 13 డిగ్రీలకే గడ్డకడుతుంది, నీళ్ళు కలిస్తేనే 37 దాకా తట్టుకుంటుంది. మనకి పనికొచ్చే గుణం రెండో కొసన ఉంది. సగంపాలు మిశ్రమం మరగాలంటే 107 డిగ్రీల చుట్టుపక్కలకి వెళ్ళాలి. పైన ఒత్తిడి మూత సరిగ్గా ఉంటే ఇంకా పైకి. మే నెల ఎండలో, నిండు వలతో బోటు లాగుతున్నప్పుడు ఆ కాస్త తేడా ప్రాణవాయువు.

మార్చే పనికి 2017 మే నెల కుదిరింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. 2015కి ముందు ఇది 47 రోజులే. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఒక ఆదివారం పొద్దున్నే నేనూ వెళ్ళాను.

మేస్త్రి మొదట చేసిన పని ఏమీ చేయకపోవడం. అంతకుముందు ఇంజను కాసేపు నడిపారట, అది చల్లారేదాకా బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. వేడి ఇంజను మూత విప్పితే లోపలి ఒత్తిడికి మరిగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. ఆయన ముంజేతి మీద అలాంటి మచ్చ ఒకటి ఉంది. చల్లారాక మూత తీసి, అడుగు కుళాయిలు రెండూ విప్పి డబ్బాలోకి దింపాడు. మరమ్మతు అయ్యాక తాత్కాలికంగా పోసిన నీళ్ళు అవి, అయిదు నెలలకే ఎర్రమట్టి నీళ్ళలా దిగాయి. ఎంత దిగిందో కొలిచాడు. 36 పట్టవలసినచోట 29 దిగితే ఏడు లీటర్లు లోపల మూలల్లో దాక్కున్నట్టు లెక్క. కుళాయి బెజ్జంలో తీగ పెట్టి తిప్పితే బురద ఊడి మిగతాది దిగింది. తర్వాత మంచినీళ్ళు నింపడం, ఇంజను నడపడం, దింపడం. ఇలా నాలుగుసార్లు, తేటనీళ్ళు వచ్చేదాకా. ఆఖరుసారి డిస్టిల్డ్ వాటరుతో కడిగాడు. ఈ కడుగుళ్ళలో తొందరపడితే మిగిలిన మట్టి కొత్త కూలెంటుని మొదటి రోజే తినేస్తుందన్నాడు.

అదే పూట కారుతున్న గొట్టం మార్చారు. సముద్రపు నీటి పంపులో రబ్బరు రెక్కలు రెండు విరిగి ఉంటే అది మార్చారు. విరిగిన ముక్కలు కూలరు నోట్లో దొరికాయి. వెతక్కపోతే అక్కడే అడ్డం పడేవి. కూలరులో జింకు కడ్డీలు ఉంటాయి. ఉప్పునీరు రాగిని, ఇత్తడిని తినకుండా తమని తాము అర్పించుకునే కడ్డీలవి. సగం అరిగాయి. అవీ మారాయి.

కొత్త కూలెంటుని ఇంజనులో కలపలేదు. శుభ్రమైన డ్రమ్ములో 18 లీటర్లు సరుకు, 18 లీటర్లు డిస్టిల్డ్ వాటరు ముందే కలిపి, సన్నటి ధారగా పోశారు. గబగబా పోస్తే గాలి లోపల చిక్కుకుంటుందట. గాలి ఉన్నచోట నీళ్ళు ఉండవు, నీళ్ళు లేనిచోట ఇనుము కాలుతుంది. పైన గాలి స్క్రూలు వదులుచేసి, బుడగలు ఆగి నీళ్ళు వచ్చాక బిగించాడు. మూత తెరిచే ఉంచి ఇంజను నడిపారు. థర్మోస్టాటు తెరుచుకున్నప్పుడు మట్టం గుప్పున దిగింది, మళ్ళీ నింపారు. మర్నాడు చల్లారాక ఇంకో లీటరున్నర పట్టింది. అన్నీ కలిపి అయిదువేలు దాటలేదు. రెండు లక్షల పదివేల బిల్లు నా ఫైల్లోనే ఉంది కనుక రెండు అంకెలూ పక్కపక్కన చూసుకున్నాను.

గ్లైకాల్ ఏళ్ళు గడిచేకొద్దీ వేడికీ గాలికీ విరిగి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లాన్ని విరచడానికి కూలెంటులో ముందే కొంత క్షారం దాచి ఉంచుతారు. దాన్ని రిజర్వ్ ఆల్కలినిటీ అంటారని చదివినప్పుడు, రిజర్వు అన్న మాటకి నాకు ప్రాణం లేచివచ్చింది. మన బ్యాంకుల్లో రాబోయే నష్టానికి పక్కన పెట్టే సొమ్ములాంటిదే. ఆ నిలువ ఎంత ఉందో చూడడానికి కాగితం పట్టీలు దొరుకుతాయి. ముంచితే రంగు మారుతుంది. గ్లైకాల్ శాతం చూడడానికి రిఫ్రాక్టోమీటరు అనే చిన్న గొట్టం ఉంది. ఒక చుక్క వేసి వెలుగులోకి చూస్తే గీత కనపడుతుంది. రేవులో నలుగురు యజమానులు చందా వేసుకుని ఒకటి కొన్నారు. అది పెద్దయ్య ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉంటుంది.

ఇల్లాళ్ళు కూడా చదివే పత్రిక కనుక ఒక్క మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వంద మిల్లీలీటర్ల దరిదాపుల్లో తాగితే పెద్దవాళ్ళ ప్రాణానికే ముప్పు. పిల్లలకి నాలుగు గుక్కలు చాలు. మొదట మత్తు వచ్చినట్టు ఉండి, తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళితే విరుగుడు ఉంది. రేవులో మిగిలిన కూలెంటుని కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఇంటికి తెచ్చే అలవాటు ఉండేది, పైగా పచ్చటి రంగు, ఎర్రటి రంగు. కళాసీలలో కొందరు లోపలి నీళ్ళలో ఉప్పు కలిసిందో లేదో చూడడానికి నాలుక మీద చుక్క వేసుకునేవారు. పెద్దయ్య కొడుకు ఆ రెండూ మానిపించాడు. దింపిన పాత కూలెంటుని సముద్రంలో పారబోయకుండా మూత బిగించిన డబ్బాలో ఉంచి, వాడిన ఆయిలు పట్టుకెళ్ళేవాడు వచ్చినప్పుడు విడిగా అప్పజెబుతున్నారు. అపార్టుమెంటు జనరేటర్లున్నవాళ్ళు కూడా ఈ సీసాల సంగతి వాచ్‌మన్‌తో ఒకసారి మాట్లాడండి.

ఆ రాత పుస్తకం నేను బదిలీ అయ్యేదాకా మూడు నెలలకొకసారి అడిగి చూశాను. కుర్రవాడు ఒడియా బడిలో చదివాడు, తెలుగు రాయడం రాదు. అందుకని ఒడియా అక్షరాల్లో తెలుగు రాశాడు: "నీళ్ళు రెండు లీటర్లు పోశాము, డ్రమ్ములో కలిపినవే." నేను రెండు లిపులూ చదవగలను కనుక ఇబ్బంది లేదు. పెద్దయ్యకి ఏ లిపీ రాదు, కొడుకు చదివి వినిపిస్తే, "వట్టి నీలు కాదని రాశావా?" అని అడిగేవాడు.

2019 మేలో ఏదో పెళ్ళికి కటక్ వెళ్ళి, అక్కణ్ణించి పారాదీప్ దిగాను. ఆ ముందు రోజే రెండో విడత కూలెంటు మార్చారట. అప్పు తీరింది. గొలుసు విడిపించుకున్నారు, గాజులు ఇంకా లేదు. పిల్ల కటక్‌లో ఒక ఆసుపత్రిలో చేరింది. ఇంజను మూత మీద పసుపురంగు పెయింటుతో తారీకు రాసి ఉంది, కింద మళ్ళీ మార్చవలసిన తారీకు, 2021 మే. రెండో తారీకులో ఒక అంకె చెరిపి దిద్ది ఉంది. ఏమిటని అడిగితే, "దుకాణంవాడు అయిదేళ్ళు వస్తాదన్నాడండి, మా నాన్న రెండే రాయమన్నాడు" అన్నాడు కుర్రవాడు.